చదువు ఒకచోట, చీపురు ఒకచోట

ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. బ్లీచింగ్ పౌడర్ మీద ఆమ్లం పడితే క్లోరిన్ వాయువు వస్తుందని బోర్డు మీద ఎన్ని వందలసార్లు రాశానో లెక్కలేదు. ‘ముఖ్యమైన ప్రశ్న, తప్పకుండా వస్తుంది’ అని కింద గీత గీసి మరీ చెప్పేదాన్ని. నేను రిటైరైన రెండో ఏడు, దసరాకు వారం ముందు, ఆ ప్రశ్న మా ఇంటి బాత్రూంలోనే వచ్చింది.

మా ఇంట్లో పదహారేళ్లుగా పనిచేస్తున్న ఆవిడ ఆ రోజు పండగ పని పెట్టుకుంది. బూజుకర్రతో మూలలు దులిపింది, ఫ్యాన్లు తుడిచింది, చివరికి బాత్రూంలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కాసేపటికి దగ్గు వినిపించింది. దుమ్ముకు వచ్చే దగ్గు కాదు, ఊపిరి తిప్పుకోనివ్వని దగ్గు. నేను వెళ్లేసరికి గోడ పట్టుకుని బయటికి వస్తోంది. “గొంతు పట్టేసింది మేడమ్, కండ్లు మండుతుండాయి” అంది. వాసన నా ముక్కుకు తగలగానే నాకు అర్థమైంది. ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పీల్చిన వాసన అది. నేల మీద బ్లీచింగ్ చల్లి, దాని మీద యాసిడ్ పోసింది. ఆ గదికి ఉన్నది జానెడు కిటికీ.

తలుపులన్నీ బార్లా తీసి, ఆమెను వరండాలో కూర్చోబెట్టి, కళ్ల మీద నీళ్లు కొట్టి, ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాను. డాక్టరు నెబ్యులైజర్ పెట్టి, సాయంత్రం దాకా ఉంచుకుని పంపాడు. గండం గడిచింది. తిరిగి వస్తుంటే ఆటోలో అడిగాను, రెండూ ఎందుకు కలిపావని. “ఒకటేస్తేనే ఇంత తెల్లగైతాది గదా, రెండూ ఏస్తే ఇంకా బాగుంటాదనుకుంటి మేడమ్” అంది.

ఆ ఆలోచనలో వంక పెట్టడానికేమీ లేదు. చెప్పేవాళ్లు లేనప్పుడు ఎవరైనా అలాగే అనుకుంటారు. తప్పు నాది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల కందకాల మీదికి వదిలింది ఈ క్లోరిన్‌నే. ఆ కథ చెప్తుంటే క్లాసులో చివరి బెంచీ కూడా నిశ్శబ్దంగా వినేది. నంద్యాల నుంచి బెల్జియం దాకా వెళ్లిన నా పాఠం మా ఇంటి హాలు దాటి బాత్రూం దాకా వెళ్లలేదు.

అప్పటి నుంచి నన్ను తొలుస్తున్న మాట ఇది. మన ఇళ్లల్లో తెలిసినవాళ్లు చీపురు పట్టరు. చీపురు పట్టేవాళ్లకు ఎవరూ చెప్పరు. పాడైపోతున్న నేలలు, కాలిపోతున్న గీజర్లు, పగిలిపోతున్న చేతులు, వీటి వెనక ఉన్నది బద్ధకమో మురికో కాదు, ఈ ఎడమే.

చెప్పడం వరకేనా, నేను మాత్రం తక్కువ తిన్నానా? 2004లో మేం ఇల్లు కట్టుకున్నప్పుడు నేలకు బేతంచెర్ల నాపరాళ్లు పరిపించాం. మాకు దగ్గర, చవక, ఎండాకాలం కాలికి చల్లన. పని అయ్యాక రాళ్ల మీద సిమెంటు మరకలు మిగిలాయి. యాసిడ్‌తో కడిగితే అద్దంలా వస్తాయన్నాడు మేస్త్రీ. నేను స్పాట్ వాల్యుయేషన్ హడావుడిలో ఉండి సరే అన్నాను. సాయంత్రం వచ్చేసరికి నేలంతా బుసబుస పొంగుతోంది. “చూడండి మేడమ్, మురికెట్లా పొంగి వస్తోందో” అన్నాడు సంబరంగా. పొంగింది మురికి కాదు, రాయి. నాపరాయి అంటే సున్నపురాయి. దాని మీద యాసిడ్ పడితే రాయే కరిగి, బొగ్గుపులుసు వాయువు బుడగలుగా లేస్తుంది. ఎనిమిదో తరగతి పిల్లవాడికి తెలిసిన సంగతి. పేపర్లు దిద్దుతున్న లెక్చరర్‌కు ఆ నిమిషాన గుర్తు రాలేదు.

సిమెంటు పోయింది, దాంతోపాటు రాతి నునుపూ పోయింది. గరుకుదేలిన రాయి మురికిని పట్టి ఉంచుతుంది. మురికి పట్టిందని మళ్లీ యాసిడ్ పోస్తాం. పోసినకొద్దీ గరుకు, గరుకైనకొద్దీ మురికి. తాండూరు బండలు, కడప బండలు, మాచర్ల రాళ్లు, అన్నీ ఈ సున్నపురాయి కుటుంబమే. పాలరాయీ అంతే. నిమ్మరసం, వెనిగర్, చింతపులుసు కూడా వాటికి శత్రువులే, కాకపోతే నెమ్మదిగా తింటాయి. చీమకుర్తి గెలాక్సీ లాంటి గట్టి రాయి మామూలు పులుపుకు లొంగదు. కానీ రాతికీ రాతికీ మధ్య నింపిన సిమెంటు లొంగుతుంది. మీ ఇంటి నేల ఏ రాయో తెలియకపోతే, మంచం కింద ఎవరికీ కనిపించని మూల ఒక నిమ్మచుక్క వేసి రెండు నిమిషాలు ఆగి తుడవండి. మచ్చ తెల్లబారితే మీది పులుపుకు ఓర్వని రాయి. దానికి మామూలు నీళ్లు, ఒక చెంచాడు గిన్నెల సబ్బు ద్రవం, మెత్తని గుడ్డ చాలు.

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. కోయిలకుంట్లలో మా అమ్మ అయిదో తరగతి దాటలేదు. పులిహోర మెతుకు నాపరాయి మీద పడితే చాలు, అన్నం తింటున్నా లేచి తడిగుడ్డతో తుడిచేది. “పులుపు రాయిని తింటాది” అనేది. ఇత్తడి బిందెలకు చింతపండు, పట్టుచీరకు కుంకుడు రసం. ఇనుప పెనానికి మాత్రం పులుపు తగలనిచ్చేది కాదు. ఇత్తడి గిన్నెలో చారు కాచాలంటే ముందు కళాయి వేసేవాడు వచ్చి తగరం పూత వేయాల్సిందే. లేకపోతే చిలుం పట్టి చారు చేదెక్కుతుందని, కడుపులో తిప్పుతుందని ఆమెకు తెలుసు. దాన్ని రసాయనశాస్త్రం అంటారని మాత్రం తెలియదు.

పాతకాలం అంతా బంగారమని నేననడం లేదు. బూడిదతో, ఇసుకతో అంట్లు తోమి తోమి మా అమ్మ వేళ్ల సందులు ఒరుసుకుపోయేవి. ఆ రోజులు తిరిగి రానక్కర్లేదు. కానీ ఆమె చేతిలో ఏముందో ఆమెకు తెలుసు. ఏ వస్తువుకు ఏది పడదో పనిచేసే చేతికే తెలిసి ఉండేది. తర్వాత సీసాలు వచ్చాయి. సీసాలోది ఏమిటో సీసాకే తెలుసు. పైన రాసి ఉంటుంది నిజమే. ఎవరి భాషలో, ఎంత అక్షరాల్లో అన్నదే ప్రశ్న.

యంత్రాల దగ్గరికి వస్తే ఈ ఎడం ఇంకా పెద్దది. మా ఇంట్లో గీజరు నాలుగేళ్లకే నీళ్లు కాచడం మానేసింది. మెకానిక్ విప్పి, లోపలి నుంచి సున్నపు పెచ్చులు తీసి బకెట్లో పోశాడు. సగం బకెట్ నిండింది. మాది బోరు నీళ్లు. “ఈ నీళ్లల్లో కందిపప్పు ఉడికి చావదు” అని వీధంతా అంటుంటారు. ఆ ఒక్క మాటే కాఠిన్యం పరీక్ష. ఒకప్పుడు నేను ఆ నీళ్లను కాలేజీ ల్యాబ్‌లో పరీక్షిస్తే లీటరుకు 640 మిల్లీగ్రాముల కాఠిన్యం తేలింది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన మేలైన హద్దు 200. వేరే దారి లేనప్పుడు ఒప్పుకునే హద్దు 600. మాది దాన్నీ దాటేసింది.

ఒక చిన్న లెక్క వేయండి. నీళ్లు కాగినప్పుడు ఆ 640లో లీటరుకు 100 మిల్లీగ్రాములే గడ్డకట్టాయనుకుందాం. నలుగురి స్నానానికి రోజుకు 50 లీటర్లు. అంటే రోజుకు 5 గ్రాములు, ఏడాదికి కిలో ఎనిమిది వందల గ్రాముల పైమాట. ఇదంతా గీజరు కడుపులో, సెగ పుట్టే కడ్డీ చుట్టూ రాతికవచంలా పేరుకుంటుంది. కడ్డీ ముందు ఆ రాతిని కాచి, తర్వాతే నీళ్లను కాచాలి. కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కడ్డీయే మాడిపోతుంది. నీళ్లు ఎంత మరిగితే అంత సున్నం. అందుకే వేడి ముల్లును 50 డిగ్రీల దగ్గర ఉంచితే గీజరు ఎక్కువ కాలం బతుకుతుంది. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది. తాను అరిగిపోతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడుతుంది. ఒకటి రెండేళ్లకోసారి మెకానిక్‌తో చూపించి, అరిగితే మార్పించాలి. మాన్యువల్‌లో ఉండే సంగతే ఇది. మా గీజరు మాన్యువల్ బీరువాలో, ఇంటి పత్రాల పక్కన, కవరు కూడా చించకుండా భద్రంగా ఉంది.

ఏసీదీ అదే కథ. రిమోట్ మా ఆయన చేతిలో ఉంటుంది, గది ఊడ్చేది మరొకరు. లోపల జల్లెడ ఒకటుందని, వేసవిలో పదిహేను రోజులకోసారి దాన్ని తీసి కుళాయి కింద కడిగి ఆరబెట్టాలని ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు పట్టు వదిలితే చల్లదనం రాత్రింబవళ్లు కారిపోతుంది. ఒక కాగితం ముక్క తలుపు సందులో పెట్టి మూసి లాగండి. సులువుగా జారి వస్తే రబ్బరుకు మురికి పట్టిందనో వదులైందనో అర్థం. ఇవన్నీ రెండు నిమిషాల పనులు, చెప్పేవాళ్లుంటే.

చెప్పేవాళ్లు ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతున్నారు, కాకపోతే వాళ్లు చెప్పేది వేరు. వంటసోడా మీద వెనిగర్ పోస్తే బుసబుసా పొంగే వీడియోలు మా కోడలు చూపిస్తుంటుంది. పొంగు చూస్తే ఎవరికైనా నమ్మకం కలుగుతుంది. నిజానికి అక్కడ ఒక ఆమ్లం, ఒక క్షారం కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటున్నాయి. పొంగు ఆగాక మిగిలేది కాస్త ఉప్పునీళ్లు. కుళాయికి పట్టిన సున్నం పోవాలంటే నిమ్మరసమో వెనిగరో తడిపిన గుడ్డ చుట్టి గంట ఉంచితే చాలు. సింకులో జిడ్డు పోవాలంటే సోడా వేసి పీచుతో రుద్దితే చాలు. విడివిడిగా రెండూ పనిమంతులే. కలిపితే ఇద్దరూ చెడతారు. ఫినాయిల్ సంగతీ ఇంతే. దుమ్ము ఊడవకుండా, జిడ్డు కడగకుండా పైన ఫినాయిల్ చల్లితే వచ్చేది వాసనే. మురికి ఉన్న చోట క్రిమిసంహారకం శక్తి మురికి మీదే ఖర్చైపోతుంది. ముందు కడగడం, తర్వాత మందు. మనకు మాత్రం నురగ వస్తే, పొంగితే, ఘాటుగా వాసన వస్తేనే శుభ్రమైనట్టు.

ఇక ఈ పనంతా ఎవరి చేతుల మీదుగా జరుగుతోంది? జాతీయ గణాంక కార్యాలయం 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. పాల్గొన్న పురుషులు 88 నిమిషాలు. జీతానికి మన ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు నాలుగైదు ఇళ్లల్లో ఇదే పని చేసి, మళ్లీ సొంతింట్లో ఈ నిమిషాలూ పెడతారు. నాలుగిళ్ల యాసిడ్, నాలుగిళ్ల బ్లీచింగ్ పడేది ఒక్క జత చేతుల మీదే. ఇంటిపనివాళ్లకు సురక్షితమైన, ఆరోగ్యకరమైన పనిచోటు హక్కని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒడంబడిక చెబుతోంది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు. ఢిల్లీ మాట అటుంచండి. వంద రూపాయల్లోపు దొరికే రబ్బరు గ్లోవ్స్ జత కొనివ్వాలని పదహారేళ్లలో నాకే తోచలేదు.

చట్టం దగ్గరికే వస్తాను. ప్యాకేజీ సరుకుల మీద తప్పనిసరిగా వేయాల్సిన వివరాలు, అంటే సరుకు పేరు, పరిమాణం, ధర, తయారీదారు లాంటివి, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఇంగ్లీషులో గానీ ఉండాలని 2011 నాటి లీగల్ మెట్రాలజీ నిబంధనలు చెబుతాయి. వేరే భాషలు అదనంగా వేసుకోవచ్చు, వేయాల్సిందేనని లేదు. ధరే తెలుగులో ఉండనక్కర్లేని చోట ‘దీన్ని బ్లీచింగ్‌తో కలపకండి’ అన్న మాట తెలుగులో ఉంటుందని ఎలా ఆశిస్తాం? మరుగుదొడ్డి కడిగే సీసాల్లో పది శాతం దాకా హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉండేవి ఉన్నాయి. ఆ మాట సీసా వెనక చీమతలంత అక్షరాల్లో ఉంటుంది. వీధిలో మైకు పెట్టుకుని ‘యాసిడ్, ఫినాయిల్’ అని అమ్ముకుంటూ వచ్చే బండి మీద ఆ అక్షరాలూ ఉండవు. వాడేసిన మంచినీళ్ల సీసాలో పోసి ఇస్తాడు. అది స్టవ్ గట్టు కింద, పిల్లల చేతికందే ఎత్తులో ఉంటుంది. యాసిడ్ దాడుల బాధితురాలు లక్ష్మి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2013 జూలై 18న స్పష్టంగానే చెప్పింది. యాసిడ్ కొనేవాళ్ల వివరాలు దుకాణదారు రాసుకోవాలి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డు చూడాలి, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. మా వీధిలోకి వచ్చే బండి దగ్గర ఇప్పటిదాకా ఎవరూ కార్డు అడగలేదు.

కాబట్టి నేను అడిగేవి మూడే. ఇంట్లో వాడే ప్రతి రసాయనం మీద హెచ్చరిక ఆ రాష్ట్రం భాషలో, చదవగలిగే అక్షరాల్లో, ఎదురుగా కనబడేలా ఉండాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రాన్ని అడగాలి. లేబుల్ లేని సీసాల్లో యాసిడ్ అమ్మకాన్ని ఉన్న ఉత్తర్వులతోనే ఆపాలి, కొత్త చట్టం అక్కర్లేదు. మూడోది బడిలో. పదో తరగతిలో ఆమ్లాలు, క్షారాలు, లవణాల పాఠం ఎలాగూ ఉంది, అందులో బ్లీచింగ్ పౌడర్ కూడా ఉంది. ‘మీ ఇంటి బాత్రూంలో ఏయే రసాయనాలున్నాయి? వాటిలో కలపకూడనివి ఏవి? ఈ సంగతి ఇంట్లో ఎవరికి చెప్పారు?’ అని ఒక ప్రశ్న పెట్టండి. మగపిల్లలూ రాస్తారు. మార్కుల కోసమైనా బాత్రూంలోకి తొంగిచూస్తారు.

ఇంట్లో నేను చేసిన పని కూడా చెప్పాలి. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడే, మిగిలిన యాసిడ్‌ను బకెట్ నీళ్లల్లో కొంచెం కొంచెంగా పోసి, పొంగు ఆగేదాకా వంటసోడా వేసి పారబోశాను. దానికి ముందు ఒక పని చేశాను. పెరట్లో పడున్న నాపరాయి ముక్క మీద నాలుగు చుక్కలు వేసి, దూరంగా నిలబెట్టి ఆమెకు చూపించాను. “అంటే ఇన్నాళ్లూ రాయినే కడిగేస్తుంటిమా మేడమ్?” అంది. నా క్లాసులో ఏ పిల్లవాడూ ఇంత తొందరగా పట్టుకోలేదు.

ఆ ఉత్సాహంలో బ్లీచింగ్ డబ్బా మీద ‘యాసిడ్‌తో కలపరాదు’ అని పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం అంటించాను. చూసి నవ్వింది. “నాకు చదువు రాదు గద మేడమ్.” పదహారేళ్లుగా నాకు తెలిసిన సంగతే అది. కొత్తగా కొన్న సీసా మీద ఉన్న ప్రమాద చిహ్నం చూపించాను. చేతి మీద చుక్కలు పడి చర్మం తినేస్తున్న బొమ్మ. ఇదేమిటో చెప్పమంటే, “చేతులు కడుక్కోమని” అంది. తెలుగులో రాయమని ప్రభుత్వాన్ని అడుగుతున్న నేను, రాతా బొమ్మా రెండూ చాలవని అప్పుడు తెలుసుకున్నాను. కొన్ని సంగతులు మనిషి మనిషికి నోటితో చెప్పాలి. చేసి చూపించాలి. పనామె వచ్చే వేళకు మనం టీవీ ముందు నుంచి లేవాలి.

కాగితం చించేసి ఆమే ఒక ఎర్ర గుడ్డపేలిక తెచ్చి డబ్బా మూతకు కట్టింది. ఎరుపు ఉన్నదానితో ఏదీ కలపకూడదని మా ఇద్దరి ఒప్పందం.

పోయిన వారం తెలిసింది, ఆ గుర్తు మా ఇంటితో ఆగలేదు. ఆమె పనిచేసే మిగతా మూడిళ్లల్లోనూ బ్లీచింగ్ డబ్బాలకు ఎర్ర పేలికలు కట్టిందట. ఒకింట్లో ఇంజినీరుగారు ఇదేమిటని అడిగితే, “ఇది, ఆ సీసాలోది కూడితే విషగాలి లేస్తాది సార్. మా మేడమ్ చూపించింది” అని చెప్పి, యాసిడ్ సీసా బయట పెట్టించేదాకా బాత్రూం కడగనని నిలబడిందట. ఆయన పెట్టించాడు. ఆయన ఇంటర్ చదివింది మా కాలేజీలోనే. ఆ సమీకరణం నా దగ్గరే నేర్చుకున్నాడు.